అడ్డుకడ్డీ కట్టడం నేర్పిన మనిషి

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆవిడ అసలు పేరు అడిగితే నలుగురు నాలుగు వైపులు చూస్తారు. మైకక్క అంటే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నవ్వుతాడు. ఆవిరి బుసల్లో, రోలర్ల రొదలో, ఆ చివర నిలబడి పిలిస్తే ఈ చివర వినపడే గొంతు ఆవిడ ఒక్కదానిదే మరి. పదకొండేళ్ల కిందట యూనియన్ కార్యదర్శిని ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు ఆడవాళ్లు ఇంకెవరినీ వెతకలేదు. ఆ గొంతుతోనే తాగునీళ్లు తెప్పించింది, కడుపుతో ఉన్నవాళ్లకి కూర్చోడానికి స్టూళ్లు తెప్పించింది. ఒకసారి మేనేజరు చేత అందరి ముందూ "పొరపాటైంది" అనిపించింది కూడాను!

ఆవిడ నేర్పిన పని ఇంకోటుంది. దాన్ని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

ఇస్త్రీ రోలరు ముందు ఒక అడ్డుకడ్డీ ఉంటుంది. దుప్పటి అందించేటప్పుడు చెయ్యి దానికి తగిలితే చాలు, రోలరు ఠక్కున ఆగిపోతుంది. వేళ్లు కాపాడటానికే పెట్టారు, బాగానే ఉంది. కానీ తడి దుప్పటి బరువుగా తగిలినా ఆగుతుంది, ముడత పడినా ఆగుతుంది. ఆగిందా, మళ్లీ తిరగడం మొదలయ్యేసరికి పది దుప్పట్లు వెనకబడ్డట్టే. గంటకి ఇన్ని దుప్పట్లు అని లెక్క పెట్టిన మహానుభావుడు జన్మలో ఒక్క తడి దుప్పటైనా పట్టాడా అంట! అందుకని కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలోనే మైకక్క దగ్గరుండి చూపించేది. చిరిగిన దుప్పటి అంచుతో కడ్డీని పైకెత్తి కట్టెయ్యాలి. తనిఖీ వాళ్లొస్తే ఒక్క లాగుడుకి ఊడొచ్చేలా ముడి వెయ్యాలి. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పోయేవాడు. లెక్క పూర్తయితే ఆయనకి ఇంకేం కావాలి?

అలా కట్టిన కడ్డీ కిందనుంచే కవలల తల్లి చెయ్యి రోలరులోకి పోయింది. చేరి ఏడాదైనా కాలేదు, ఇంట్లో రెండేళ్ల కవలలు, అందుకే ఆ పేరు. ముడత సరిచెయ్యబోయిందట, అంతే. కాలిన గాయం మానింది గానీ రెండు వేళ్లు వంగడం మానేశాయి. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. కడ్డీని కావాలని కట్టేసినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో విచారణకొచ్చి చెప్పుకోమని.

"కట్టింది నేనే కదక్కా, ఏమని చెప్పుకోను?" అని ఆ పిల్ల కట్టు కట్టిన చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

మైకక్క ఇంటికెళ్లి ఆ మాటే మొగుడితో అంది. ఇల్లంటే లాండ్రీ గోడకి ఆనుకుని కంపెనీ ఇచ్చిన రెండు గదులు, అవీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. ఆయనకి చూపు పోయి ఆరేళ్లు. కానీ ఆ రెండు గదుల్లో చూస్తే ఎవరూ నమ్మరు. మంచం నుంచి కుళాయికి ఏడు అడుగులు, కుళాయి నుంచి పొయ్యికి మూడు. టీ తనే పెట్టుకుంటాడు, ఎవరైనా వస్తే తనే తలుపు తీస్తాడు.

"నేర్పింది నువ్వేనని చెప్తావా?" అన్నాడాయన.

"చెప్పకపోతే ఆ పిల్ల గతేం కానండీ?"

"చెప్పాల్సిందేలే," అని ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "కొత్త ఇంట్లో కుళాయి ఎటుంటుందో ఏమో," అన్నాడు.

విచారణ గదిలో మైకక్క కూర్చోకుండానే చెప్పేసింది. "కట్టడం ఆ అమ్మాయికి నేర్పింది నేను సార్. అందరికీ నేనే నేర్పాను. కడ్డీ దించి చేస్తే మీ లెక్క పూర్తవదు. కావాలంటే మీరొచ్చి ఒక్క గంట నిలబడి చూడండి."

మేనేజరు కోప్పడతాడనుకుంది. ఆయన మంచినీళ్లిచ్చి, తెల్లకాగితం ముందుకు జరిపాడు. "ఇదే రాసివ్వండమ్మా. ఆ అమ్మాయి తప్పేం లేదని నేను రాసేస్తాను. లెక్క గొడవ ఇందులో ఎందుకు, అది విడిగా మాట్లాడుకుందాం."

పదకొండేళ్లుగా ఇంకొకళ్లు రాసే ప్రతి కాగితాన్నీ "ఉండవే, నన్ను చూడనీ" అని లాక్కుని చదివిన మనిషి! ఆ పిల్ల గట్టెక్కితే చాలన్న తొందరలో నేర్పానన్నది రాసింది, ఎందుకు నేర్పాల్సి వచ్చిందో వదిలేసింది. సంతకం పెట్టింది. మేనేజరు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"మిమ్మల్ని తీసెయ్యడానికి ఇదొక్కటి చాలు," అన్నాడు మెత్తగా. "కానీ మీలాంటి పాతవాళ్లని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. పని ప్రశాంతంగా సాగితే ఈ సొరుగు తెరిచే అవసరమేముంది?"

కవలల తల్లికి మడతలు పెట్టే పని ఇచ్చారు. ఆడవాళ్లు మైకక్కని ఎత్తుకున్నంత పని చేశారు. ఆవిడ మొహాన నవ్వు అతికించుకుని నిలబడింది.

రెండు నెలలకి, ఇక పైకెత్తి కట్టడానికి వీల్లేకుండా కడ్డీలన్నిటికీ సీలు వేశారు. మంచిదే అనుకునేలోపు గోడకి నోటీసు అంటించారు, గంటకి ఇంకో పది దుప్పట్లు ఎక్కువ చెయ్యాలని! కడ్డీ కట్టినా చెయ్యలేని లెక్క అది. వారంలో ముగ్గురికి మెమోలు వచ్చాయి. భోజనాల దగ్గర అందరూ చుట్టుముట్టారు, పని ఎప్పుడు ఆపుదామని.

"చూద్దాం," అంది మైకక్క. మర్నాడూ అదే మాట. మూడోనాడు, మేనేజరుతో మాట్లాడానని, కాస్త ఓపిక పట్టమని పచ్చి అబద్ధం ఆడింది. ఇంటికెళ్లి, ఏమైందే అని అడిగిన పాపానికి మొగుడి మీద విరుచుకుపడింది. సిగ్గుతో చచ్చిపోతున్నానని ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ శనివారం పని దిగాక, బట్టలు మార్చుకునే గదిలో మైకక్క ఒక్కతే ఉండగా కవలల తల్లి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నాకు తెలిసిపోయిందక్కా. నా ఉద్యోగం అడ్డం పెట్టి నీ నోరు నొక్కేశారు కదూ? నన్ను తీసేస్తే తియ్యనీ. మా ఆయనతో కూడా చెప్పేశాను, ఎలాగో బతుకుతాం. నువ్వు సోమవారం పని ఆపించక్కా."

అవునే తల్లీ అంటే సరిపోయేది. ఆ పిల్ల ఈవిడ కాళ్లకి దండం పెట్టి వెళ్లేది, ఎవరూ ఎప్పటికీ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నీ ఉద్యోగానికేం ఢోకా లేదే," అంది మైకక్క. "ఆ రోజే విచారణలోంచి నీ పేరు కొట్టేశారు. నేను మాట్లాడితే పోయేది నాది. నా ఇల్లు."

కవలల తల్లి తను మూసిన తలుపు వైపు చూసింది.

"అందరూ బయటే ఉన్నారక్కా," అంది. "నీ కోసం నేను ఉద్యోగం వదులుకుంటున్నానని వాళ్లకి చెప్పి వచ్చాను. ఇప్పుడేం చెప్పమంటావు?"