కెరామత్ ఆగా పీష్‌కెష్

ఇరాన్‌లోని యజ్ద్ ఊరి పాతపేటలో కెరామత్ ఆగా ఇంటికి వెళితే ఏ వస్తువునైనా చూడవచ్చు, వాడవచ్చు, దాని మీద కాళ్ళు బారజాపుకుని కూర్చోవచ్చు. బాగుందని మాత్రం అనకూడదు. అన్నారో, "పీష్‌కెష్! ఇక మీదే, పట్టుకెళ్ళండి" అనేస్తాడు.

అలా అనడం ఆ ఊళ్ళో మర్యాద. పుచ్చుకోకపోవడం అవతలివాళ్ళ మర్యాద. ఎదురింటి ఎఫ్ఫత్ ఖానుం ఒకసారి టీ కెటిల్‌ని మెచ్చుకుంటే ఈయన మూడుసార్లు ఇస్తానన్నాడు, ఆవిడ మూడుసార్లు వద్దంది. తర్వాత ఇద్దరూ ఆ కెటిల్‌లోంచే హాయిగా టీ తాగారు. పాతకాలం వాళ్ళ సంగతి అది.

చిక్కంతా కుర్రకారుతో వచ్చింది. గొడుగు బాగుందన్న కుర్రాడు ఒక్కసారి కూడా వద్దనలేదు. "మెర్సీ ఆగా" అని థాంక్స్ పడేసి అక్కడే విప్పి వేసుకుపోయాడు. తర్వాత ఉన్నికోటు పోయింది. ఆ తర్వాత గోడగడియారం.

"టైమెంతయిందండీ?" అని భార్య తూబా ఖానుం వంటింట్లోంచి కేకేస్తే, "గడియారం పట్టుకెళ్ళినవాణ్ణి అడగాలి" అనేవాడు.

"నోటికి కాస్త గొళ్ళెం వేసుకోకూడదూ?"

"నా తప్పేముందే? మర్యాదకి ఇస్తానన్నాను. వద్దనడం ఈ కాలం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు!" అని వీధి గుమ్మంలో నిలబడి, నలుగురికీ వినబడేలా లోకాన్ని దులిపేసేవాడు.

తూబాకి పోయినవాటి బెంగ లేదు. బెంగంతా సమోవార్ గురించే. టీకి నీళ్ళు కాచుకునే ఆ ఇత్తడి పాత్ర వాళ్ళమ్మ ఇచ్చింది. ఏ మర్యాద తెలియని వెధవ నోటో "బాగుంది" అన్న మాట వస్తే అమ్మ జ్ఞాపకం కాస్తా గడప దాటిపోతుంది. అందుకే ఎవరొచ్చినా పని మానుకుని కాపలా కాసేది.

చలి ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం, మేడమీద గదిలో అద్దెకుంటున్న ఫర్జాద్ సుత్తి అడగడానికి దిగాడు. గొంతు వినగానే తూబా చేతిలో దానిమ్మకాయలతోనే పరుగెత్తి, తెర చాటున ఆగిపోయింది. లోపల మొగుడు తన శాలువా తీసి సమోవార్ మీద నిండా కప్పుతున్నాడు. కప్పి, వెనక్కి జరిగి, ఏమన్నా కనబడుతోందా అని చూసుకుని, అప్పుడు పిలిచాడు.

"రావయ్యా ఫర్జాద్! ఈ హీటర్ ఎలా ఉంది?"

"హీటరా? ఉంది ఆగా."

"ఉంటే ఉంది. బాగుందా లేదా?"

"బాగానే ఉంది."

"గట్టిగా అనవయ్యా, నాకు చెవుడు."

"చాలా బాగుంది ఆగా!"

"పీష్‌కెష్! పట్టుకెళ్ళు."

"అయ్యయ్యో, వద్దండీ..."

"వద్దంటావేం? ఈ కాలం కుర్రాడివి కావూ? నీ ఈడువాళ్ళెవరైనా వద్దంటున్నారా? మర్యాద తెలియకపోతే నేర్చుకో, మాట్లాడకుండా పట్టుకెళ్ళు!"

ఫర్జాద్ కళ్ళు తుడుచుకుంటూ హీటర్‌తో మెట్లెక్కాడు. తూబా తెర తీసింది.

"చెవుడెప్పటినుంచండీ?"

కెరామత్ ఆగా దొంగలా నవ్వాడు. "పైన గది మంచుగడ్డ. వాడి పెళ్ళానికి నెలలు నిండాయి. సాయమంటే వాడు చచ్చినా పుచ్చుకోడు. సిగ్గులేనివాడు అనిపించుకోవడం తేలికే తూబా, లేనివాడు అనిపించుకోవడమే కష్టం."

"మరి గొడుగు?"

"వాడు పగలంతా ఎండలో కూర్చుని పళ్ళు అమ్ముతాడు."

"గడియారం?"

"అది పట్టుకెళ్ళినవాడు పనికి ఆలస్యంగా వెళ్ళి రోజూ తిట్లు తింటున్నాడు పాపం."

కోటు సంగతి తూబా అడగలేదు. వెళ్ళి దుప్పట్లు తెచ్చి మొగుడి భుజాల మీద కప్పింది.

మర్నాడు ఎఫ్ఫత్ ఖానుం వణుకుతూ వచ్చి కూర్చుంది. హీటర్ కథ అంతా తూబా చెబితే విని, గుక్కెడు టీ తాగి అంది: "నీ మొగుడు బంగారం తల్లీ."

"పీష్‌కెష్!" అంది తూబా అలవాటుగా. "పట్టుకెళ్ళండి."

"వద్దమ్మా. నీ దగ్గరే ఉండనీ."

ఆచారం ప్రకారం తూబా ఇంకో రెండుసార్లు ఇస్తాననాలి. కెరామత్ ఆగా దుప్పట్లోంచి తల బయటపెట్టి ఎదురుచూశాడు.

తూబా మర్యాద మరిచిపోయి, ఇంకో గ్లాసు టీ పోసింది.