ధూపం వేళ నిలబడే చోటు

సియాటిల్ విమానాశ్రయంలో నా ఎదుటి కుర్చీలలో ఇద్దరు యువకులు చేతులు పట్టుకుని కూర్చున్నారు. నలుగురిలో అటువంటి ప్రవర్తన నాకు సమ్మతం కాదు. అయినా వారిలో ఒకడు మర్యాదగా పలకరించాడు. తాను వియత్నామీయుడనని, తండ్రి ఆబ్దికానికి సైగాన్ వెళ్తున్నానని, పక్కనున్న అమెరికన్ తన భర్త అని చెప్పాడు.

"అక్కడ మీకు భయం లేదా?" అని అడిగాను.

"వీధిలో లేదు సర్. ఇలాగే చేయి పట్టుకుని నడిచినా ఎవరూ ఏమీ అనరు. భయమంతా ఇంటి గడప దగ్గరే."

వారి ఇంట్లో ఆ రోజున పెద్దకొడుకు మొదలుకొని అందరూ ఒక క్రమంలో నిలబడి ధూపం వేస్తారట. ఆ పద్ధతి నాకు నచ్చింది. "మరి ఇతను ఎక్కడ నిలబడాలి?" అన్నాను.

అతని ముఖం మారింది. "మా బాబాయి కూడా ఫోన్‌లో ఇదే అడిగారు సర్, ఇంత నెమ్మదిగానే. ఆ తరువాత, ఇతను గడప దాటితే ప్రాణంతో తిరిగి వెళ్తాడని పూచీ ఇవ్వలేనన్నారు."

"తెలిసే వెళ్తున్నారా?"

అమెరికన్ నవ్వాడు. "నేను లేకపోతే ఇతను అగరుబత్తులతో చేయి కాల్చుకుంటాడు సర్."

పిలుపు రాగానే ఇద్దరూ లేచారు. ద్వారం దగ్గర అతని బాబాయి వయసు ఉండవచ్చనిపించే, వియత్నామీయుడిలా కనిపించే ఒకాయన వెనుదిరిగి వారిని చూశాడు. ఆ యువకుడు చేయి వదిలేశాడు. అతని భర్త వెళ్ళి వరుస చివర నిలబడ్డాడు.

మా ఇంట తద్దినంనాడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇప్పటికీ నేనే చెబుతాను. చెబుతున్నంతసేపూ నా గొంతు ఎంత నెమ్మదిగా ఉందో నాకు వినిపిస్తూ ఉంటుంది.