ఓడ ఎక్కాల్సిన మిర్చి: మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా

జనగామలో కూర్చుని దుబాయ్‌కి మిర్చి పంపిస్తానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, మొదటి కంటైనర్ బుక్ చేసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్ అనే హామీపత్రం ప్రకారం సరుకు గడువులోపు ఓడ ఎక్కాలి, ఎక్కినట్టు బిల్ ఆఫ్ లేడింగ్ అనే రసీదు చూపించాలి. అప్పుడే డబ్బు. దానికంటే ముందు పోర్టువాళ్ల కట్-ఆఫ్ ఒకటుంది. ఆ వేళ దాటి వచ్చిన కంటైనర్‌ను గేటు లోపలికి రానివ్వరు. దానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. లారీకెక్కే ముందు సరుకు నా కళ్లతో చూసుకుందామని బయల్దేరాను.

పొద్దున్నే జనగామలో రైలెక్కితే టిఫిన్ వేళకు మహబూబాబాద్‌లో దిగొచ్చు. జనరల్ టికెట్ చాలు, సీటు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. స్టేషన్ బయట ఇడ్లీ తిని, గోదాములో ఉన్న సగం సరుకు చూశాను. తేమ పదకొండు శాతం దాటకూడదని ఒప్పందం. మీటరు గుచ్చితే పది చూపించింది. నమ్మకం కుదరక ఇంకొన్ని బస్తాలు గుచ్చాను. హమాలీలు నా వంక జాలిగా చూశారు.

మిగతా సగం భూపాలపల్లి దగ్గర రాజక్క అనే రైతు ఇంట్లో ఉంది. బస్సులో అయితే వరంగల్ తిరిగి పోవాలి, రోజంతా పడుతుంది. అందుకే ఖర్చయినా కారు మాట్లాడుకుని గంగారం అడవి దారి పట్టాను. నీళ్లు, తినడానికేమైనా వెంట ఉంచుకోండి. గంగారం దాటాక సిగ్నల్ పోయింది, దాంతో నా ప్రాణమూ సగం పోయింది. పరేషాన్ ఏందని డ్రైవర్ యాకన్న అడిగాడు. మా బేరం ఎఫ్‌ఓబీ అని, ఓడ మీదికి ఎక్కించేదాకా సరుకు బాధ్యత నాదేనని చెప్పాను.

"ఎక్కినంక మునిగితే?"

"కొన్నోళ్లు చూసుకుంటరు."

"మరి బూజు పడితే?"

"తడి ఇక్కడిదైతే నా మెడకే, అన్న."

ఆయన కారు వేగం పెంచాడు. నాకు ఇంకా భయమేసింది.

రాజక్క బస్తాలన్నీ కుట్టి, వాకిట్లో వరసగా పేర్చి పెట్టింది. మీటరు గుచ్చితే పదహారు. ఇంకో బస్తా, పదిహేడు. ఎండిన కాయ తొక్కి నింపేటప్పుడు విరగకుండా ముందు కాసిని నీళ్లు చల్లడం ఇక్కడ అందరి అలవాటే. మరునాడు మార్కెట్లో అమ్ముకునే సరుకుకు ఏమీ కాదు. కానీ మూసిన కంటైనర్‌లో, సముద్రం మీద, ఆ తడి అంతా బూజవుతుంది. పక్క బస్తాలకూ పాకుతుంది. అక్కడి పరీక్షలో తప్పితే మొత్తం తిప్పి పంపుతారు, లేదా తగలబెడతారు. ఎండబెట్టమని రాజక్కకు పదిసార్లు ఫోన్ చేశాను. నీళ్లు చల్లొద్దని చెప్పాలని మాత్రం తోచలేదు.

"కాయ ఇరగకుండ నీకు చేరాల్నని చల్లిన, చెల్లె" అంది రాజక్క. నాకు ఏడుపొచ్చింది.

యాకన్న నన్ను పక్కకు పిలిచి, వరంగల్ మార్కెట్లో కావలసినంత మిర్చి ఉందని, సాయంత్రానికల్లా లారీ నింపుకోవచ్చని చెప్పాడు. నిజమే. కట్-ఆఫ్ కూడా అందుతుంది. ఆ మాట రాజక్క చెవిన పడింది.

"నీకు మాటిచ్చిన్నని నిన్న వచ్చిన సేటును వాపస్ పంపిన. ఇప్పుడు ఇడిచిపెట్టి పోతవా?"

నేనే వెళ్లి మొదటి బస్తా కుట్టు విప్పాను. తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని విప్పారు. సాయంత్రానికి మిర్చంతా మళ్లీ కల్లంలో పరుచుకుంది, తుమ్మలేక చచ్చాం. ఉన్నదున్నట్టు దుబాయ్‌కి మెసేజ్ పెట్టి, లెటర్ గడువు పెంచమని బతిమాలాను. మహబూబాబాద్ సరుకును గోదాములోనే ఆపమన్నాను. ఆ ఓడ మేం లేకుండానే వెళ్లిపోయింది.

ఈ దారిన సరుకు కోసం వచ్చేవాళ్లకు ఒకటే సలహా: బస్తాలు కుట్టాక కాదు, నింపే రోజున రండి.

ఎగుమతి అంటే కాగితాలని, పోర్టని అనుకునేదాన్ని. ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది రాజక్క కల్లమే. ఓడ పోయిన రెండో రోజు, నేను జనగామలో ఉండగా, దుబాయ్ నుంచి జవాబొచ్చింది. వారం గడువు పెంచుతారట, తేమ పదకొండు దాటితే మాత్రం ఒక్క బస్తా కూడా వద్దట. వెంటనే రాజక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిది చెల్లె. మబ్బు పట్టింది, ఫోన్ పెట్టు."