మైదాకు పండిన వేళ్ళు

నా ఉద్యోగమంతా ఖజానా కార్యాలయంలో గడిచింది. బిల్లులు, వోచర్లు, సంతకాలు. రిటైరయ్యాక కాగితాలతో సంబంధం తెగిపోయి, రోజూ సాయంత్రం డైరీ రాసుకోవడం ఒక్కటే మిగిలింది. అలాంటి రోజుల్లో మా మనుమరాలికి కెనడాలో సీటు వచ్చింది. కూతురి బిడ్డ. విమానం నడపడం నేర్చుకోవడానికి పోతోంది. అల్లుడు నిజాంపేట నుంచి ఫోన్ చేసి, "మామా, పొలం పని నేను జూస్కుంట. గీ కాగితాల పని మీరు జూడుండ్రి. నాకు దాని తల తోక తెలుస్తలేదు" అన్నాడు.

పిల్ల ఒక సంచీ, ఒక ల్యాప్‌టాప్ పట్టుకుని మెదక్‌లోని మా ఇంటికి వచ్చేసింది. వానాకాలం పోయాక శిక్షణ మొదలవుతుంది. ఆలోగా వీసా చేతికి రావాలి. రాకపోతే ఆ బ్యాచ్‌లో చోటు పోతుంది. సీటు ఉత్తరంలోనే ఆ మాట స్పష్టంగా రాశారు. విమానం చేతికిచ్చేముందు ఎవరైనా మనిషి ముందు వెనకలు చూసుకుంటారు కదా. పోలీసుల ధ్రువపత్రం, వైద్య పరీక్ష, పదేళ్ళ చరిత్ర, చివరగా హైదరాబాదులో వేలిముద్రలు. ఆ ముద్రలు పడితేనే వాళ్ళ భద్రతా తనిఖీ మొదలవుతుంది.

ఆ పిల్ల రావడం ఇంట్లో ఇంకొకరికి మంచిదైంది. నా భార్యకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు దవాఖానలో మిషన్ మీద రక్తం శుద్ధి చేయించాలి. ఇంక ఎన్నాళ్ళు అన్నది డాక్టరు నాతో చెప్పాడు, ఆమెతో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. మిషన్ లేని రోజుల్లో గోడ వైపు తిరిగి పడుకునేది. మనుమరాలు వచ్చాక అప్పుడప్పుడు ఇటు తిరిగేది.

పదేళ్ళ చరిత్ర రాయడానికి నా డైరీలు పనికొచ్చాయి. ఏ నెలలో ఎక్కడ ఉన్నదీ, ఏం చేసిందీ రాయాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. నిజాంపేటలో బడి, మా ఇంట్లో ఉండి చదివిన హైస్కూలు, హైదరాబాదు హాస్టలు, కరోనా అప్పుడు మళ్ళీ ఊరు. నేను తారీఖులు చదువుతుంటే తను కొడుతూ ఉండేది. ఒకచోట నా చేతిలోంచి డైరీ లాక్కుంది.

"‘పిల్లకు జ్వరం. మజ్జిగన్నం ముట్టలేదు.’ గిది గూడ రాసినవా తాతా? కెనడావాళ్ళకు నా మజ్జిగన్నం ఎందుకు?"

"వాళ్ళకు తారీఖు గావాలె. మజ్జిగన్నం నాది, ఇటియ్యి."

మంచంలోంచి నా భార్య, "జ్వరం గాదు ఏం గాదు. ఆ రోజు లెక్కల పరీక్ష" అంది.

పోలీసు విచారణకు కానిస్టేబులు వచ్చిన రోజు కూడా గుర్తుంది. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, చాయ్ తాగాడు, కాగితం తీశాడు. ఇద్దరు సాక్షులు కావాలంటే పక్కింటి టీచరమ్మ వచ్చింది. చర్చి వాళ్ళ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. "ఈ పిల్ల మీద ఏం కేసులున్నయి సార్, మా జామకాయలు దొంగతనం చేసిన కేసొక్కటే" అంది. రెండో సంతకం ఎదురింటాయన పెట్టాడు. కానిస్టేబులుకు మాత్రం వేరే అనుమానం ఉండిపోయింది.

"విమానం నడుపుతవా బిడ్డా? మరి స్కూటీ వస్తదా?"

"రాదు సార్."

"స్కూటీయే రాకుంటే విమానమెట్ల నడుపుతవ్?"

లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది. "స్కూటీకి రోడ్డు మీద బర్లు అడ్డమొస్తయి సారూ. పైన రావు గదా!"

అతను నవ్వి సంతకం తీసుకుని పోయాడు. పోలీసుల ధ్రువపత్రం ఇబ్బంది లేకుండా వచ్చింది. వైద్య పరీక్ష కూడా అయిపోయింది. ఒక్కో పని కాగానే నా జాబితాలో దాని మీద గీత కొట్టేవాణ్ణి. చివరికి వేలిముద్రలొక్కటే మిగిలాయి. వాటికి హైదరాబాదులోని వీసా కేంద్రంలో తారీఖు దొరకడమే గగనం. దొరికిన రోజున సూచనల కాగితం అచ్చు తీసి, ముఖ్యమైన వాక్యం కింద ఎర్ర గీత గీశాను. వేళ్ళకు గాయం ఉండకూడదు, కట్టు ఉండకూడదు, మెహందీ ఉండకూడదు. పిల్లను పిలిచి చదివి వినిపించాను. కత్తిపీట దగ్గరికి పోవద్దన్నాను. గిన్నెలు తోమొద్దన్నాను. నా భార్యకు మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. గోడకున్న క్యాలెండర్‌లో నేను తారీఖు గడులే చూశాను. పైన ఆషాఢం అని రాసి ఉంది, అది చూడలేదు.

ముద్రలకు రెండు రోజుల ముందు జిరాక్సుల కోసం బజారుకు పోయాను. నేను బయల్దేరేటప్పుడు ఆమె గోడ వైపే తిరిగి ఉంది. తిరిగొచ్చేసరికి వరండాలో చాప మీద కూర్చుని ఉంది. పక్కన మిక్సీ గిన్నె. గిన్నె అడుగున ముదురాకుపచ్చని ముద్ద. టీచరమ్మ ఇంటి కంచెలోంచి తెంపిన గోరింటాకు, మా వైపు మైదాకు. ఎదురుగా మనుమరాలు రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఉంది. అరచేతుల్లో చందమామలు, పది వేళ్ళ కొసలకూ పది టోపీలు.

"ఎట్లున్నయి టోపీలు?" అంది నా భార్య నన్ను చూసి. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను. "చింతపండు, కాచు గూడ ఏయించిన. రేపటికి సూడు."

నేను పిల్ల వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది. ఏమీ అనొద్దని.

"మంచిగున్నయి" అన్నాను. జిరాక్సులు బీరువాలో పెట్టి, చాలాసేపు ఆ బీరువా దగ్గరే నిలబడ్డాను.

తర్వాత పిల్లను పక్కకు పిలిచి అడిగితే తల వంచుకుని చెప్పింది. "అరచేతుల పెట్టు, వేళ్ళకు వద్దన్న తాతా. ‘టోపీలు లేని మైదాకు ఏం మైదాకే, సూసినోళ్ళు నవ్వుతరు’ అన్నది. ఎందుకొద్దో చెప్తే పెట్టుడు ఆపేస్తుండె. చేతులు వణుకుతుండె ఆమెకు. అయినా లేసి కూసున్నది గదా. ఎన్ని దినాలాయె ఆమె గట్ల కూసోక."

వెంటనే కడుక్కోమని చెప్పే వీలు లేకపోయింది. అమ్మమ్మ దగ్గరుండి ఎండే దాకా కాపలా కాసింది. "మంచి మొగుడొస్తడే ఎర్రగ పండితే" అంటే, "మొగుడెందుకు అమ్మమ్మా, మంచి ఇంజనొస్తే చాలు" అంది ఇది. ఇద్దరూ నవ్వారు.

మర్నాడు చూస్తే వేళ్ళ కొసలు ఎండు మిరపకాయల్లా ఉన్నాయి. ఆమె మధ్యాహ్నం నిద్రలోకి జారుకున్నాక పెరట్లో నల్లా దగ్గర మేమిద్దరం కూర్చున్నాం. నిమ్మచెక్క, ఉప్పు, టూత్‌పేస్టు, వంటసోడా. ఒకదాని తర్వాత ఒకటి రుద్దాం. రంగు పోలేదు, చర్మం కమిలింది. "ఇగ చాలు తాతా, మంట లేస్తుంది" అంది. తారీఖు మార్చుకుందామని కంప్యూటర్‌లో చూస్తే దగ్గరలో ఒక్క ఖాళీ లేదు. "మిషన్ గీతలను సూస్తది గని రంగును సూడదు గదా" అంది పిల్ల. ఆ మాట పట్టుకుని బయల్దేరాం.

తెల్లవారి బస్సెక్కాం. నర్సాపూర్ దాటాక అడవి మీద సన్నటి వాన పడుతోంది. పిల్ల తన రెండు చేతులూ చున్నీ కింద దాచుకుని కూర్చుంది. బస్సులో వాటిని చూసేవాళ్ళు ఎవరూ లేరు, అయినా దాచుకుంది.

వీసా కేంద్రంలో మా ఫైలు చూసిన అమ్మాయి మెచ్చుకుంది. "మస్తు నీట్‌గ పెట్టిండ్రు అంకుల్" అంది. ఒక్క కాగితం తక్కువ లేదు. తర్వాత పిల్ల చేతులు ముందుకు చాపింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ఆషాఢమా మేడమ్?" అంది. ఆమె అరచేతిలోనూ చిన్న చందమామ ఉంది. వేళ్ళకు మాత్రం లేదు.

గాజు పలక మీద వేళ్ళు పెట్టించింది. తుడిచి మళ్ళీ పెట్టించింది. తెర మీద ముద్రల బదులు నల్లటి మచ్చలు కనబడ్డాయి. లోపలి నుంచి పెద్దాయన వచ్చాడు, చూశాడు. ఎవరూ కసరలేదు. కసిరి ఉంటే నాకు కోపమైనా వచ్చేది. "రంగు పోయినంక రాండ్రి సార్. ఇట్ల పంపితే అవుతలోళ్ళు వాపస్ చేస్తరు" అన్నాడు. నేను సీటు ఉత్తరం తీసి చూపించాను, తేదీ చూపించాను. ఆయన ఓపిగ్గా చదివి నాకే ఇచ్చేశాడు. తర్వాతి ఖాళీ తారీఖు ఎప్పుడో చెప్పాడు. ఆ రోజు ముద్రలిస్తే వీసా ఎప్పటికి వస్తుందో అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను. పిల్లకు చెప్పలేదు. తనూ వేసుకునే ఉంటుంది.

తిరుగు బస్సెక్కాం. మెదక్ దగ్గరపడుతుండగా, "అమ్మమ్మకు చెప్పొద్దు తాతా. నీ ముఖం సూస్తె తెలిసిపోతది, జర మంచిగ పెట్టుకో" అంది.

మిషన్ ఖరాబైందని చెప్పాం. ఆమె దిండుకు ఆనుకుని విన్నది. "మిషన్లు గట్లనే ఉంటయి. మొన్న దవాఖానల నా మిషన్ గూడ నడుమల ఆగింది. తన్నితే నడిచింది" అంది. పిల్ల చేతులు దగ్గరికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత ఎర్రగ పండినయో" అంది.

రంగు మెల్లగా పలచబడింది. రెండోసారి పోయినప్పుడు గోళ్ళకు తప్ప ఎక్కడా లేదు. పది వేళ్ళూ ఒక్కసారికే పడ్డాయి. ఆ పని నిమిషాల్లో అయిపోయింది. బయట మెట్ల మీద కాసేపు కూర్చున్నాం, తాగాలనిపించకపోయినా చాయ్ తాగాం. వీసా రాకముందే శిక్షణ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. గడువులోపు వీసా రానివాళ్ళను తర్వాతి బ్యాచ్‌కు మారుస్తున్నామని. ఆ బ్యాచ్ కోసం కొత్త ఉత్తరం, కొత్త దరఖాస్తు. మర్యాదగా రాశారు. అల్లుడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. "సరే మామా" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మనుమరాలు ఆమె తల దువ్వుతోంది. గోళ్ళు పెరిగి, కొసన మాత్రం ఎర్రటి వంక మిగిలింది. నా భార్య ఆ వేలు పట్టుకుని చూసి, "వచ్చే ఆషాఢంల వేళ్ళకు పెట్టనులేవే" అంది.

పిల్ల దువ్వెన ఆగిపోయింది. ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. టీచరమ్మను అడిగితే, నేను చెప్పలేదంది. దవాఖానలో పక్క మంచం వాళ్ళెవరైనా చెప్పి ఉండాలి, లేదా ఆమే అర్థం చేసుకుని ఉండాలి.

"పెట్టు అమ్మమ్మా" అంది పిల్ల కాసేపటికి. "అప్పటికి ముద్రలిచ్చుడు గిట్ల ఏం ఉండయి. మోచేతుల దాకా పెట్టు."

ఆమె దువ్వమన్నట్టు తల వంచింది.

కార్తీకం వెళ్ళకముందే ఆమె పోయింది. దవాఖానలో, మిషన్ మీద ఉండగానే. మనుమరాలు పక్కనే ఉంది. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. "దేవుడు ఏం జేసినా మంచికే. పిల్ల అప్పుడు పోయి ఉంటే ఆఖరి సూపు దొరకకపోవు." నేను తల ఊపాను. ఆ మాట నా డైరీలో రాయలేదు. పిల్ల సీటు పోవడం ఒక సంగతి. ఆమె పోవడం ఒక సంగతి. ఒకదాని కింద ఒకటి రాసి కూడికలు తీసివేతలు చేయడానికి నాకు మనసొప్పలేదు. పిల్ల కూడా ఆ మాట విన్నప్పుడల్లా లేచి లోపలికి పోయేది.

దినాలు అయ్యాక అది నిజాంపేట పోయింది. కొత్త ఉత్తరం వచ్చాక మళ్ళీ ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ఇద్దరం అదే బల్ల దగ్గర కూర్చున్నాం. చాలా వరకు పాత దరఖాస్తులోని వివరాలే వచ్చాయి, మళ్ళీ కొట్టే పని లేకపోయింది. వేలిముద్రలు కూడా పాతవే చెల్లుతాయట, చాలా ఏళ్ళ వరకు చెల్లుతాయట. అది చదివి పిల్ల తన వేళ్ళ కొసలు చూసుకుంది.

కుటుంబ వివరాల పేజీ వచ్చింది. తండ్రి, తల్లి, తమ్ముడు. ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ, ఉన్న ఊరు. కింద ఒక ప్రశ్న. పోయినసారి ఇచ్చిన వివరాల్లో ఏమైనా మారిందా?

"తాతా, ఏమన్న మారిందా?" అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను కళ్ళద్దాలు సర్దుకుని ఆ పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. అల్లుడు, కూతురు, మనుమడు. ముగ్గురూ బాగానే ఉన్నారు, ఊరూ అదే. అమ్మమ్మల గురించి ఆ పేజీలో ఎక్కడా అడగలేదు.

"ఏం మారలే" అన్నాను.

అది కాసేపు మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. తర్వాత ‘లేదు’ అన్న గడిలో నొక్కి, ముందుకు పోయింది.