జడలో రాగిపూస

మా జేజి, నాయన వాళ్లమ్మ, పోయిందని మైదుకూరు నుంచి వచ్చిన మనిషి చెప్పగానే నేను ఏడవలేదు. "ఎవరు చెప్పినారు? నువ్వు కండ్లారా చూసినావా?" అని అడిగినా. పాపం, ఆయన బిత్తరపోయినాడు. ఏం చేసేది? నన్ను పెంచిన మనిషి అట్లాంటిది.

మగ్గానికి తెచ్చిన నూలును జేజి ఇంట్లో మళ్లీ తూకం వేసేది. రంగు పోదని షావుకారు ఒట్టేసినా, పోగు నోట్లో పెట్టుకుని చప్పరించేది. బస్సు ప్రొద్దుటూరికి పోతుందని కండక్టరు చెబితే, దిగిపోయి డ్రైవర్ని అడిగేది. మేం విసుక్కుంటే, "అడిగితే నోరేమన్నా అరిగిపోతాదా?" అనేది.

నా పద్నాలుగో ఏట ఎడమకన్ను మసకేసింది. గుడ్డు కొంచెం ముందుకొచ్చింది. కర్నూల్లో డాక్టరు ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించినాడు. కంటినరం లోపలికి పోయే ఎముక సందు కుడిపక్క సన్నగా ఉంది, ఎడమపక్క వెడల్పైంది. నరం మీది గడ్డ ఆ సందులో దూరిందట. కంటి పక్కనుంచి కోస్తే అందదు, నుదుటి ఎముక తెరవాల, ఆలస్యమైతే రెండో కన్నూ పోతుందన్నాడు. మా నాయన జేజి మొహం చూసినాడు. ఆమె ఊ అనందే మా ఇంట్లో ఏదీ జరగదు.

"ఏమప్పా డాక్టరూ, బొట్టు లేదు, ముక్కు లేదు. ఇది మా పాప తలకాయేనని ఏం నమ్మకం? లోపల ఇట్లాంటివి శానా ఉండాయి. ఎవరిదో తెచ్చి మా బిడ్డ నెత్తి పగలగొడితే?"

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. డాక్టరు పళ్లు కొరికి, ఎట్లాగూ ఇంకో వైపు నుంచి తియ్యాలన్నాడు. నర్సు మళ్లీ నా కమ్మలూ పిన్నులూ తీయించింది. లోపలికి పోయే ముందు జేజి నా తల నిమిరింది. ప్రేమనుకున్నా.

ఈసారి డాక్టరు నల్లబడిన మొహంతో వచ్చినాడు. గడ్డలో ఏదో రాయిలా గట్టిపడి ఉందట, కోసే దారే మార్చాలట. నాయన కూలబడినాడు. జేజి మాత్రం నా నుదుటి పైన జుట్టుపాయలో వేలు పెట్టి, తన మెడతాడులోని రాగిపూసను బయటికి లాగింది.

"ఇదప్పా నీ రాయి! పూస కనపడింది, ఇప్పుడు నమ్మినా. బొమ్మ మా పాపదే."

"నీ అనుమానం పాడుగానూ! ఈ మచ్చను నమ్మి తప్పుచోట కోసుంటే?" అని అరిచినాడు డాక్టరు.

జేజి మొహం పాలిపోయింది. రెండు చేతులూ జోడించింది. ఆమె ఒక మనిషికి మొక్కడం నేను చూసింది అదొక్కసారే. మూడో ఎక్స్‌రేకు డాక్టరే దగ్గరుండి నా జడ విప్పించి వెదికించినాడు.

మద్రాసులో ఆ ఫిల్ము ప్రకారమే కోసినారు. ఎడమకంటి చూపు పోయింది, కుడికన్ను దక్కింది. ఇంక భయం లేదని పెద్ద డాక్టరు చెప్పినా జేజి నమ్మితేనా! రోజూ వాకిట్లో నిలబడి వేళ్లు చూపించి "ఎన్ని?" అనేది. నేను బడిలో పంతులమ్మనైనా వదల్లేదు. ఎంత విసుక్కున్నానో! ఇప్పుడు ఆ కుడికంటితోనే ఇది రాస్తాండా. ఎవరూ ఎన్నని అడగడం లేదు.

పాడె ఎక్కించే ముందు ఆమెకు నీళ్లు పోసేటప్పుడు ముడి విప్పితే ఆ రాగిపూసే రాలింది. "ముసల్ది నెత్తిలో ఏం పెట్టుకుందో చూడు" అని మా పిన్నమ్మ పారేయబోయింది. చేతిలోంచి లాక్కున్నా.

పైకి పోయినోళ్లు అంతమంది ఉండే చోట మా జేజిని ఇంకొకరనుకుంటే? పూసను మళ్లీ ఆ తెల్లజుట్టులో, నుదుటికి పైన, బయటికి కనపడకుండా వేలితో లోపలికి నెట్టినా.