పార్కింగ్ టైల్స్ మీద నా ఆరోగ్యం

ఒక ఆదివారం పొద్దున నాకు డ్రమ్స్ నేర్చుకోవాలనిపించింది. నలభై దాటిన ఆడది, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తీసుకునే మనిషి, కాఫీ తాగుతూ ఆ మాటంటే మామూలు ఇంట్లో అయితే నవ్వి ఊరుకుంటారు. మా ఇంట్లో మా ఆయన కప్పు కింద పెట్టేశాడు. మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి, కందిపప్పులో రాళ్లు వెతికినట్టు నా కళ్లలోకి చూసింది.

"మాత్ర వేసుకున్నావామ్మా?" అంది.

వేసుకున్నాను. రోజూ వేసుకుంటాను. నాకు బైపోలార్ అనే జబ్బుంది. కొన్నాళ్లు లోకంలో పనులన్నీ నేనొక్కదాన్నే చేసేయగలననిపిస్తుంది. కొన్నాళ్లు లేచి పళ్లు తోముకోవడం కూడా కొండంత పని అవుతుంది. మధ్యలో చాలా నెలలు మీలాగే ఉంటాను, అంటే ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ. మా ఇంట్లో దీనికి 'పైకి', 'కిందికి' అని రెండు మాటలున్నాయి. పోయినసారి పైకి వెళ్లినప్పుడు, కోకాపేట ఆఫీసుల ముందు దోసెల బండి పెడతానని మూసాపేట నుంచి మంచమంత పెనం తెచ్చాను. అది బాల్కనీలోనే పడి ఉంది. దాని మీద మా అత్తమ్మ వడియాలు పెడుతుంది, త్వరగా ఎండుతాయట. కిందికి వెళ్లినప్పటి సంగతుల్లో మాత్రం నవ్వుకోవడానికి ఏమీ లేదు.

అందుకని ఈ డ్రమ్స్ కోరిక నాదా, జబ్బుదా అన్నది అసలు ప్రశ్న. వాళ్లకే కాదు, నాకూ తెలియదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆకలేస్తే ఆకలని తెలుస్తుంది. కోపమొస్తే తెలుస్తుంది, నాకైతే మరీ బాగా తెలుస్తుంది. ఒక్క సంతోషం వచ్చినప్పుడే దాన్ని గేటు దగ్గర ఆపి, కార్డు చూపించమని అడగాలి.

ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సి ఉంది. ముగ్గురం వెళ్లాం. మా ఇంట్లో నా డాక్టర్ దగ్గరికి అందరూ వస్తారు, పెళ్లిచూపులకి వెళ్లినట్టు. ఆవిడ అంతా విని, కాగితం మీద ఉత్త గీతలతో ఒక పెట్టె గీసి నా ముందు పెట్టింది.

"దీన్నే చూస్తూ ఉండండి. ముందున్న పలక వెనక్కి పోయినట్టు అనిపించినప్పుడల్లా చెప్పండి."

చూశాను. కాసేపు పెట్టె ఒకవైపు తిరిగి ఉంది. ఉన్నట్టుండి ఇంకోవైపు తిరిగింది. ఎవరూ ముట్టుకోలేదు.

"కాగితం మీద ఏం మారలేదు. మీ మెదడే ఒకసారి ఇలా, ఒకసారి అలా చూస్తోంది," అంది డాక్టరమ్మ. "ఇలా మారడం ఈ జబ్బున్నవాళ్లలో కొంచెం నిదానంగా జరుగుతుందా అని పరిశోధన చేసేవాళ్లు చూస్తున్నారు. దీన్ని పట్టుకుంటే జబ్బు గురించి ఏమైనా తెలుస్తుందేమోనని ఆశ. ఇంకా ఏం తేలలేదు. సరదాగా చూపించాను, అంతే. ఇంట్లో పెట్టుకుని కొలుచుకోవడానికి ఇది థర్మామీటర్ కాదు."

చివరి మాట మా ఆయన వినలేదు. ఆయన ప్రాజెక్ట్ మేనేజర్. కొలవగలిగిందేదైనా కంటపడితే ఆయనకి చెవులు పనిచేయవు.

మా ఆఫీసుల్లో పొద్దున్నే అందరూ నిలబడి, నిన్న ఏం చేశామో ఇవాళ ఏం చేస్తామో చెప్పుకునే మీటింగ్ ఒకటుంటుంది. నిలబడితే త్వరగా ముగుస్తుందని దాని ఉద్దేశం, ముగిసిన రోజు నేను చూడలేదు. మర్నాటి నుంచి మా ఆయన అలాంటిదే మా ఇంటికీ పెట్టాడు. స్థలం, గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్. ఎందుకంటే అక్కడి టైల్స్ మీద తెలుపు, బూడిద, నలుపు పలకలు కలిసి పెట్టెలు పేర్చినట్టుంటాయి. చూస్తుంటే అవి పైకి ఉబికినట్టుంటాయి, కాసేపటికి అవే లోపలికి గుంటలు పడతాయి. అలా మారినప్పుడల్లా నేను చెప్పాలి, ఆయన ఫోన్‌లో నొక్కాలి. త్వరత్వరగా మారితే ఆకుపచ్చ, నెమ్మదిస్తే పసుపు, బాగా నెమ్మదిస్తే ఎరుపు. వారమంతా ఆకుపచ్చ వస్తే నా కోరిక ఆరోగ్యంగా ఉన్నట్టు, డ్రమ్స్ క్లాసులో చేరొచ్చు. ఒప్పుకున్నాను. నాకూ ఎవరో ఒకరు తేల్చి చెప్పాలని ఉంది మరి, అది పార్కింగ్ నేలైనా సరే.

"ఇప్పుడు?" అన్నాడు మా ఆయన.

"పెట్టె."

"ఇప్పుడు?"

"పెట్టెనే."

"ఇప్పుడూ?"

"గిట్ల మీద పడి అడిగితే ఏం మారుతది? జర ఊపిరి తీస్కోనియ్యి."

మా అత్తమ్మ నా పక్కన నిలబడి, తనకేదో కనిపిస్తున్నట్టే తల ఊపుతోంది. అంతలో వాచ్‌మన్ వచ్చాడు. నారాయణపేట వైపు మనిషి, ఎవరు కిందికి చూసినా తనూ చూస్తాడు.

"ఏం పోయింది మేడం?"

"ఏం పోలే అన్నా."

"మరి ముగ్గురు గట్ల కిందికే చూడవడ్తిరి?"

జబ్బు సంగతి పార్కింగ్‌లో చెప్పడం మా అత్తమ్మకి ఇష్టం లేదు. "దుద్దు పోయింది బాబూ, బంగారంది," అనేసింది.

ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ లేదు. వాచ్‌మన్ టార్చి తెచ్చాడు. అతని భార్య చీపురు తెచ్చింది. నడకకి బయల్దేరిన పెద్దవాళ్లు నడక మానేసి వంగారు. కార్లు కడిగేవాళ్లు బకెట్లు పక్కన పెట్టి చక్రాల కింద దూరారు. రెండు దుద్దులూ చెవులకే ఉన్నాయి కాబట్టి మా అత్తమ్మ చెంగు తలమీదికి లాక్కుని, ఎవరో చనిపోయినంత దుఃఖంగా నిలబడింది. చివరికి దొరికింది ఒక నట్టు. వాచ్‌మన్ దాన్ని అరచేతిలో పెట్టుకొచ్చి, "గిదేనా అమ్మా?" అన్నాడు. ఆవిడ అదేనంది. మా ఆయన ఆ రోజుకి పసుపు రంగు వేసి, పక్కన 'బయటి అంతరాయాలు' అని రాసుకున్నాడు.

రెండో రోజు నేను ఎదురు తిరిగాను. టెస్టింగ్ చేసే మనిషిని కదా, అడగకుండా ఎట్లా ఉంటాను?

"నిదానం నిదానం అంటున్నవు. ఎవరి కంటే నిదానం? పోల్చనీకి ఇంకో మనిషి ఉండాలె గదా. నువ్వు చూడు."

ఆయన చూశాడు. క్లయింట్‌తో మాట్లాడి వచ్చిన రోజు ఆయనకి పెట్టెలు గ్రైండర్‌లా తిరిగాయి. బిర్యానీ తిన్న రోజు కదలనే లేదు. ఆయన రంగుల లెక్క ప్రకారం ముందు ఆయన్నే దవాఖానలో చేర్చాలి. మనిషి పరేషానైపోయి, మూడో మనిషి కావాలని వాళ్లమ్మని నిలబెట్టాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మారిందా అమ్మా?"

"ఏది?"

"పెట్టె. లోపలికి పోయినట్టు అనిపించిందా?"

"పెట్టెలెక్కడున్నాయిరా? ఇవి నక్షత్రాలు కదా," అంది ఆవిడ.

వంగి చూశాం. నిజమే. పలకల కొసలు కలిసే చోట చక్కటి ఆరు రేకుల నక్షత్రం. నేల నిండా నక్షత్రాలే. మేం ఆ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ ఆవిడకి అవే కనిపిస్తున్నాయట, ముగ్గు బాగుందని అనుకుందట. ఇక అప్పటి నుంచి నేను ఎంత ప్రయత్నించినా పెట్టెలు కనిపించడం మానేశాయి. మా ఆయన పట్టికలో నక్షత్రాలకి గడి లేదు. పరీక్ష అక్కడితో ఆగిపోయింది. ఆయన మాత్రం సాయంత్రం దాకా దిగులుగా తిరిగాడు.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే భయపడ్డాను, ఇంత నవ్వు మంచిదేనా అని. అలా భయపడాల్సి వచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది. ఆ కోపంలోనే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కూడా నక్షత్రాల దగ్గర నవ్వింది, తర్వాత సూటిగా అడిగింది.

"నిద్ర ఎలా ఉంది?"

"మస్తుగ పోతున్న."

"క్లాసు ఇప్పుడే కాకుండా వచ్చే నెలలో చేరమంటే ఆగగలరా?"

ఆలోచించాను. దోసెల పెనం కొన్నప్పుడు మధ్యాహ్నం దాకా కూడా ఆగలేకపోయాను.

"ఆగుత."

"అయితే ఆగి చూడండి. నిద్ర తగ్గితే మాత్రం వెంటనే రండి."

ఆగాను. ఆ నెలంతా ఆ కోరిక పగిలిపోతుందనో, చచ్చిపోతుందనో ఎదురుచూశాను. రెండూ జరగలేదు. ఆఫీసు పని ఎక్కువైన రోజుల్లో దాన్ని మర్చిపోయేదాన్ని. మళ్లీ ఏ సిగ్నల్ దగ్గరో స్టీరింగ్ మీద వేళ్లు వాటంతటవే ఆడేవి. సంతోషానికి కూడా ఓపిక ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నెల దాటాక కోకాపేటలో ఒక క్లాసులో చేరాను. నాతోపాటు నేర్చుకునేవాళ్లందరికీ పాలపళ్లు ఊడుతున్నాయి. వాళ్ల అమ్మమ్మలు, నానమ్మలు కూర్చునే బెంచీ మీద మా అత్తమ్మ కూర్చుంది, నా నీళ్ల సీసా పట్టుకుని.

మొదటి క్లాసులో నేను కొట్టింది కొట్టడం కాదు, వంటింట్లో గిన్నెలు పడ్డట్టుంది. సారు ఓపికగా విన్నాడు. చెమటలు కక్కుతూ, ఆపకుండా నవ్వుతూ బయటికొచ్చాను. మా అత్తమ్మ మళ్లీ నా కళ్లలోకి చూసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అత్తమ్మా, మీరు నన్ను కావలి కాయనీకే వచ్చిన్రు గదా?"

"కాపలాకే వచ్చానమ్మా. అబద్ధం దేనికి?"

"నేను జర నవ్వితే మీకు ఎందుకు గంత భయం? ఎక్కువ నవ్వుతున్ననా?"

ఆవిడ సీసా మూత తీసి నాకిచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"నువ్వు కిందికెళ్లి ఆ గదిలో పడుకుండిపోయిన రోజుల్లో ఇంట్లో చప్పుడే ఉండేది కాదు. వాడు ఆఫీసుకెళ్లాక నీ గది తలుపుకి చెవి ఆనించి నుంచునేదాన్ని, ఊపిరి వినిపిస్తుందేమోనని. నీ మంచం కిర్రుమంటే హమ్మయ్య అనుకుని, వెళ్లి పప్పు కుక్కర్‌లో పెట్టుకునేదాన్ని. నవ్వు ఎక్కువవుతుందని కాదమ్మా నా భయం. మళ్లీ ఆపేస్తావేమోనని."

ఆ తలుపు లోపలి వైపు నాకు బాగా తెలుసు. దాని రంగు, దాని గొళ్లెం, దాన్నే చూస్తూ గడిపిన మధ్యాహ్నాలు. బయట ఒక మనిషి చెవి ఆనించి నిలబడి ఉందని నాకు తెలియదు. నేను ఒంటరిగా ఉన్నాననుకున్నాను. ఆ బెంచీ మీద, అంతమంది పిల్లల ముందు ఏడ్చాను. ఆవిడ ఈసారి నా కళ్లలోకి చూడలేదు, చెంగుతో మొహం తుడిచింది.

దిండు మీద సాధన చేసుకోమన్నాడు సారు, పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా. ఇంటికెళ్లి గది తలుపు బార్లా తీసిపెట్టి, దిండు పక్కన పడేసి, ఖాళీ బియ్యం డబ్బా బోర్లించుకుని, నేర్చుకున్నదంతా తప్పుల తడకగా కొట్టాను. కాసేపటికి వంటింట్లో కుక్కర్ పెట్టిన చప్పుడు వినిపించింది.