లోతులోనే తేడా

సత్యకుమారిది కొవ్వూరు. రోజూ వంతెన దాటి రాజమండ్రిలో ఒక ఆసుపత్రి స్కాన్ గదికి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే ఏసీ చలి. ఇన్ని తలకాయల లోపలి భాగం చూసిన మనిషి ఊళ్లో ఇంకొకరు ఉండరేమో గానీ, ఆవిడకి ఒక్క మొహమూ గుర్తుండదు. అందుకు బాధపడే ఓపిక కూడా ఎప్పుడో అయిపోయింది.

మెదడులో నరం చిట్లితే ఆ రక్తం స్కాన్‌లో తెల్లగా కనిపిస్తుంది. దాని పొడవు, వెడల్పు, లోతు గుణించి సగం చేస్తే ఎన్ని మిల్లీలీటర్లో తేలుతుంది. పొడవు, వెడల్పు తెరమీదే కొలవొచ్చు. స్కాను తలని పొరలు పొరలుగా కోసినట్టు చూపిస్తుంది కాబట్టి, లోతుకు మాత్రం రక్తం ఎన్ని పొరల్లో ఉందో లెక్కపెట్టి, ఒక్కో పొర మందంతో గుణించాలి. ముప్పై దాటితే హరిబాబు డాక్టరుగారు ఆపరేషన్ మాట ఎత్తుతారు. లోపు అయితే మందులతో చూద్దామంటారు.

ఆ మధ్యాహ్నం పదకొండో స్కాను భీమరాజుది. చేపల చెరువులు తవ్వించే మనిషి, గట్టుమీదే కూలబడిపోయాడట. పొడవు అయిదు సెంటీమీటర్లు, వెడల్పు నాలుగు, పొరలు ఏడు. సత్యకుమారి ఆవలిస్తూనే లెక్క కట్టి కాగితం మీద రాసింది. పదిహేడున్నర. ఆ కాగితం చూసి డాక్టరుగారు వార్డులో ఉంచమన్నారు.

కాసేపటికి భీమరాజు భార్య పాపాయి తలుపు దగ్గరికొచ్చింది. "ఎలా కొలిచారండి?"

ఇలాంటి ప్రశ్నలంటే సత్యకుమారికి ఒళ్లు మంట. అయినా చెప్పింది.

"మా మట్టిపని లెక్కలాగే ఉందండి. ఆయన తవ్విస్తారు, టేపు నేను పడతానండి. పొడవూ వెడల్పూ అందరికీ కనిపిస్తాయండి. తేడా వస్తే లోతులోనే వస్తదండి. ఓసారి మళ్లీ చూస్తారా? ఆయన కుడిచెయ్యి కదపడం కూడా మానేశారండి."

"మా పని మాకు తెలుసమ్మా," అని కసిరి తలుపు వేసుకుంది. వేసుకుందే గానీ మనసు ఊరుకోలేదు. స్కాను మళ్లీ తెరిచింది.

అంతకుముందు తీసిన స్కాను ఒక పసిపిల్లది. ఆ పిల్లకి తీసిన పొర మందం రెండున్నర మిల్లీమీటర్లు, భీమరాజుకి తీసింది అయిదు. సత్యకుమారి అలసిన బుర్రలో ఆ పిల్ల అంకే ఉండిపోయింది. లోతు సగమైంది, రక్తమూ సగమైంది. నిజానికి ఉన్నది ముప్పై అయిదు.

మెట్లెక్కి పరిగెత్తింది.

"డాక్టరుగారూ, నేనే తప్పు రాశానండి."

ఆయన తిట్టడానికి కూడా ఆగలేదు. ఆపరేషన్ థియేటరుకి ఫోన్ చేశారు.

కబురు తెలిసి పాపాయి ఏడుస్తూ వచ్చి దండం పెట్టబోయింది.

"నాకు పెట్టకమ్మా. ముందు తప్పు కొలిచింది నేనే."

పాపాయి చేతులు దించేసింది.

"మరి ఇప్పుడు కొలిచింది సరైనదేనా అండి?"

సరైనదే అని సత్యకుమారికి తెలుసు. అయినా, "రామ్మా, నువ్వూ లెక్కపెట్టు," అని పక్కన ఇంకో కుర్చీ వేసింది.